ముసురు పట్టిన నెలలో ఎండ కోసం: ఫిల్మ్ సిటీ లోపలే బస చేసి రావడం ఎలా

మన నెల్లూరు వైపు చలికాలమంటే చెమ్మే. ఈశాన్య రుతుపవనాలు బంగాళాఖాతం మీదుగా తేమను మోసుకొచ్చి మన తీరం మీద కుమ్మరిస్తాయి. జిల్లాలో ఏడాది మొత్తం పడే వానలో సగానికి మించి అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. ఒక అల్పపీడనం తీరం దాటి పోయిందనుకునేలోపు ఇంకొకటి తయారవుతుంది. మా కోవూరులో ఆ రోజుల్లో దండెం మీది బట్టలు ఆరవు, పరుపులు చెమ్మ వాసన వేస్తాయి, జాడీలో ఉప్పు నీరు కారుతుంది. మా అత్తయ్యకు మోకాళ్లు పట్టేసి మంచం దిగడమే కష్టమవుతుంది. పిల్లలకు బడి ఉంటే తడిసి రావడం, లేకపోతే నాలుగు గోడల మధ్య కొట్టుకోవడం.

అందుకే నాట్లు పడి, మొదటి విడత ఎరువు చల్లాక, కోతలకు ఇంకా వ్యవధి ఉన్న ఆ సందులో ఇంటిల్లిపాదీ ఎండ ఉన్న చోటికి వెళ్లి రెండు రాత్రులు ఉండి రావాలని నేను పట్టుబడతాను. మేం వెళ్లేది హైదరాబాద్ దగ్గరి రామోజీ ఫిల్మ్ సిటీకి. వినోదాల పార్కు, హోటలు ఒకే ఆవరణలో ఉండే చోటు మనకు రోడ్డు మీద ఒక పూట దూరంలో ఉందంటే అది అదృష్టమే. ఏడాది పొడవునా గడప దాటని పెద్దావిడకు పొడి గాలి, వెచ్చని ఎండ, కంటికి నాలుగు కొత్త వింతలు చూపించడానికి పెట్టే ఖర్చును దుబారా అంటే నేను ఒప్పుకోను.

ముందు చోటు సంగతి. నెల్లూరు వాళ్లకు చెన్నై దగ్గర కాబట్టి చాలామంది ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీది వీజీపీ, ఎంజీఎం పార్కుల వైపు చూస్తారు. వేసవి మొదట్లో అవి బాగానే ఉంటాయి. డిసెంబరులో మాత్రం మన మీద కురిసే మబ్బే వాళ్ల మీదా కురుస్తుంది. వాన తప్పించుకోవడానికి వానలోకే వెళ్లినట్టవుతుంది. బెంగళూరు దాటాక బిడదిలో వండర్‌లాకు సొంత రిసార్టు ఉంది, ఆటలూ గొప్పగా ఉంటాయి. కానీ అక్కడి సరదాలో పెద్ద వాటా నీళ్లదే. బెంగళూరు డిసెంబరు చలిలో తడిసి ఆడడం వయసు పిల్లలకు చెల్లుతుంది గాని అరవై దాటినవాళ్లకు చెల్లదు. హైదరాబాద్ దక్కను పీఠభూమి మీద ఉంది. ఈశాన్య రుతుపవనాల జోరు అంత లోపలికి రాదు. డిసెంబరులో పగలు 28 డిగ్రీల దాకా తేటైన ఎండ కాస్తుంది. రాత్రి 15కో అంతకన్నా కిందికో దిగుతుంది. ఆ రాత్రి చలికి ఏర్పాటు చేసుకుంటే మనకు కావలసిన పగళ్లు అక్కడున్నాయి.

ఇక లోపలే ఎందుకు బస చేయాలంటే, ఆ ఆవరణ చిన్నది కాదు. 1996లో మొదలైన ఈ ఫిల్మ్ సిటీని ప్రపంచంలోనే అతి పెద్ద సినిమా స్టూడియో సముదాయంగా గిన్నిస్ గుర్తించింది. విస్తీర్ణం 1,666 ఎకరాలు. విజయవాడ రహదారి మీది గేటు నుంచి అసలు పార్కుకు చేరడానికే లోపల బస్సెక్కాలి. ఉదయం తొమ్మిదికి వచ్చి సాయంత్రం తిరిగి వెళ్లే టికెట్టు తీసుకున్నవాళ్లు పెట్టిన డబ్బు గిట్టుబాటు కావాలని మధ్యాహ్నం ఎండలో కూడా పరుగులు తీస్తుంటారు. పెద్దవాళ్లేమో ఏదో ఒక బెంచీ మీద చేతిసంచులకు కాపలా కూర్చుంటారు. వాళ్లను తీసుకొచ్చింది అందుకా? లోపల గది ఉంటే భోజనం కాగానే అత్తయ్య వెళ్లి నడుం వాల్చవచ్చు, చంటిపిల్ల ఉయ్యాల నిద్ర పోవచ్చు, చల్లబడ్డాక మళ్లీ అందరూ కలవవచ్చు. గదికి పెట్టే డబ్బుకు మనం కొనుక్కునేది ఈ మధ్యాహ్నపు విశ్రాంతినే.

హోటళ్లలో సితార ఖరీదైనది. తార మధ్యతరగతి కుటుంబాలకు సరిపోతుంది. ఇంకా తక్కువలో శాంతినికేతన్ ఉంది. బడి పిల్లల జట్టుగా వెళ్లేవాళ్లకు సహారాలో వరుస పడకల వసతి ఉంది. నా ఎంపిక ఎప్పుడూ తారే. గదిలో గడిపేది నిద్రపోయే వేళలే కాబట్టి మిగిలిన డబ్బు మంచి బండికి, భోజనానికి పెట్టడం నయం. పెళ్లై ఏడాది కానివాళ్లు వెళ్తే సితార గురించి ఆలోచించవచ్చు, అది వేరే లెక్క.

గది ఖరారు చేసే ముందు ఫోను చేసి అడగవలసినవి అడగాలి. మొహమాటం పనికిరాదు. గది అద్దెలో పార్కు ప్రవేశం కలిసి ఉందా, ఉంటే ఒక రోజుకా, రెండు రోజులకా? ఏ పూట భోజనం కలిపారు? పిల్లలకు ఎంత వయసు దాకా టికెట్టు లేదు? కింది అంతస్తులో గది ఇస్తారా, లేకపోతే లిఫ్టు ఉందా? కుర్చీ మరుగుదొడ్డి ఉందా? మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఇది అన్నిటికన్నా ముఖ్యం. వేడినీళ్లు అన్ని వేళలా వస్తాయా? గది నుంచి పార్కుకు బస్సు ఎంతసేపటికి ఒకటి తిరుగుతుంది? చక్రాల కుర్చీ దొరుకుతుందా? ఆఖరుగా, తుపాను వచ్చి మనం కదలలేకపోతే తేదీ మార్చుకునే వీలుందా? ఈ చివరి ప్రశ్నకు జవాబును మెయిలులోనో, మెసేజిలోనో రాయించుకుని దాచుకోండి. ఏజెంటు ద్వారా తీసుకుంటే, డబ్బు కట్టిన మరుసటి రోజే హోటలుకు నేరుగా ఫోను చేసి మన పేరు మీద గది ఉందో లేదో చూసుకోవాలి.

తుపాను మాట ఊరికే అనలేదు. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు మా పక్కనే పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్లు నిలిచిపోయాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కాబట్టి ప్రయాణానికి ఐదు రోజుల ముందు నుంచి వాతావరణ శాఖ బులెటిన్ రోజూ చూడండి. కృష్ణపట్నం రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే ప్రయాణం వాయిదా వేయడమే మంచిది. వాన తగ్గింది కదా అని తొందరపడకూడదు. వాన వెలిశాక కూడా వాగులు పొంగుతాయి.

తేదీల విషయంలో నా సలహా ఒక్కటే: డిసెంబరు మొదటి మూడు వారాల్లో, సోమవారం నుంచి గురువారం మధ్య. క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా జనం కిక్కిరిసి ఉంటారు, గదుల ధరలూ పెరుగుతాయి. ఏటా డిసెంబరు నడుమ నుంచి జనవరి దాకా వింటర్ ఫెస్ట్ పేరుతో దీపాల అలంకరణ, కార్నివాల్ ఊరేగింపు రాత్రి దాకా సాగుతాయి. అది కూడా చూడాలనుంటే ఆ సంవత్సరం ఎప్పుడు మొదలవుతుందో కనుక్కుని, మొదలైన తొలి వారపు రోజుల్లో వెళ్తే రెండూ కలిసొస్తాయి. పిల్లల బడికి మూడు రోజులు సెలవు పెట్టించడానికి నేను వెనకాడను. ముందుగా టీచరుకు చెప్పి, ఆ పాఠాలు ఆదివారం చదివిస్తాను.

దారి గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, ఎందుకంటే అందరూ తడబడేది ఇక్కడే. ఫిల్మ్ సిటీ హైదరాబాద్ ఊళ్లో లేదు, ఊరికి ఇవతలే ఉంది. నెల్లూరు, ఒంగోలు నుంచి వెళ్లేవాళ్లు మేదరమెట్ల దగ్గర జాతీయ రహదారి వదిలి అద్దంకి, సంతమాగులూరు, పిడుగురాళ్ల, మిర్యాలగూడ మీదుగా నార్కెట్‌పల్లికి చేరితే అక్కడ విజయవాడ - హైదరాబాద్ రహదారి తగులుతుంది. చౌటుప్పల్ దాటాక ఫిల్మ్ సిటీ గేటు వస్తుంది, నగరం ఇంకా ముందుంటుంది. మా ఊరి నుంచి 400 కిలోమీటర్ల పైమాట. ఈ దారిన వెళ్లే బస్సెక్కితే గేటు దగ్గరే దించమని ముందే డ్రైవరుకు చెప్పాలి. లేకపోతే నగరం లోపలికి వెళ్లి, మళ్లీ అంత దూరమూ వెనక్కి రావాలి.

రాత్రి బస్సుతో ఒక చిక్కుంది. తెల్లవారుజామున చలిలో దించేస్తే గది చేతికి వచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది. రైలు ఇష్టపడేవాళ్లకు సింహపురి, నారాయణాద్రి, చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లున్నాయి. నిద్ర బాగా పడుతుంది గాని సికింద్రాబాద్‌లోనో నాంపల్లిలోనో దిగి ఎల్బీ నగర్ దాకా మెట్రోలో వచ్చి, అక్కడి నుంచి హయత్‌నగర్ మీదుగా మళ్లీ బండి పట్టుకోవాలి. పెద్దవాళ్లుంటే నలుగురైదుగురు కలిసి కారు మాట్లాడుకుని తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరడమే ఉత్తమం. అద్దంకిలో టిఫిను, వాడపల్లిలో కాళ్లు చాపుకోవడానికి ఒక మజిలీ. మూసీ వచ్చి కృష్ణలో కలిసేది అక్కడే. ఒడ్డున అగస్త్యేశ్వరుడి గుడి ఉంది, అత్తయ్య దణ్ణం పెట్టుకోకుండా ముందుకు కదలరు. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు దాటేసరికే ఆకాశం రంగు మారడం మీకే తెలుస్తుంది.

ఇల్లు వదిలే ముందు చేయవలసిన పనులు ప్రయాణమంత ముఖ్యమైనవి. డాబా మీద ఆకులు, చెత్త తీసి తూములు శుభ్రం చేయండి. తూము మూసుకుపోతే ఒక్క రాత్రి వానకే నీళ్లు నిలిచి గోడలోకి దిగుతాయి. బియ్యం బస్తాలు చెక్కల మీదికి ఎక్కించాలి. పొలం కాగితాలు, బ్యాంకు పాస్‌పుస్తకాలు, పిల్లల సర్టిఫికెట్లు ప్లాస్టిక్ సంచిలో కట్టి అటక మీద పెట్టాలి. టీవీ, మోటారు స్విచ్చులు ఆపడమే కాక ప్లగ్గులు కూడా పీకేయాలి. తాళం చెవి ఒకటి పక్కింట్లో ఇచ్చి, కాలువ గట్టు వైపు పొలంలో నీళ్లు ఎక్కువైతే గండి కొట్టే పని ఎవరిదో మాట్లాడి వెళ్లాలి. ఇవన్నీ చేస్తేనే మనసు అక్కడ నిలుస్తుంది.

సర్దుకునే బట్టలు రెండు రకాలు. పగటికి నూలు బట్టలు, టోపీ. రాత్రికి స్వెట్టరు, మేజోళ్లు, చెవులకు మఫ్లరు, పెద్దవాళ్లకు సొంత దుప్పటి ఒకటి. తీరప్రాంతం వాళ్లకు పొడి చలి అలవాటుండదు. ఒక్క రోజులోనే పెదవులు పగులుతాయి, పిల్లల బుగ్గలు గరుకెక్కుతాయి. కొబ్బరినూనె 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది కాబట్టి వెడల్పు మూతి సీసాలో తీసుకెళ్లండి, లేదా వాజిలీను పెట్టుకోండి. చెమట పట్టదు కాబట్టి దాహం తెలియదు, గంటకోసారి గుర్తుచేసి నీళ్లు తాగించాలి. నడక ఎక్కువ కాబట్టి చెప్పులకన్నా అలవాటైన బూట్లు మేలు. కొత్త బూట్లు మాత్రం వద్దు. మందుల చీటీ, రోజువారీ మాత్రలు చేతిసంచిలోనే ఉండాలి. పులిహోర, చపాతీలు దారిలో తినడానికే కట్టుకోండి, బయటి తిండిని లోపలికి రానివ్వరు. చంటిపిల్లల ఆహారం, పథ్యం సంగతి బుకింగ్ చేసేటప్పుడే మాట్లాడుకోవాలి.

చేరిన రోజు ఏమీ చూడొద్దు. పిల్లలు గోల పెడతారు, పెట్టనివ్వండి. వేడినీళ్ల స్నానం, భోజనం, నిద్ర. సాయంత్రం తోటల్లో ఒక చుట్టు తిరిగితే చాలు. మర్నాడు తొమ్మిదింటికల్లా పార్కులో ఉండి, ముందు సినిమా సెట్ల మధ్య తిప్పే బస్సెక్కండి. విమానాశ్రయం, రైల్వే స్టేషను, విదేశీ వీధులు, మొఘల్ తోట, జపాన్ తోట అన్నీ కూర్చున్న చోటి నుంచే కనిపిస్తాయి. పెద్దవాళ్లకు దీనంత హాయైన భాగం ఇంకొకటి లేదు. ఆలస్యమైతే ఇక్కడే వరుస పెరుగుతుంది. తర్వాత యురేకా అనే వినోద ప్రాంగణంలో షోల వేళలు చూసుకుని, నృత్య ప్రదర్శనకు, వైల్డ్ వెస్ట్ స్టంట్ షోకు పావుగంట ముందే వెళ్లి నీడ ఉన్న వరుసలో కూర్చోవాలి. మూవీ మ్యాజిక్‌లో సినిమా ఎలా తీస్తారో చేసి చూపిస్తారు. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు అది బాగా పడుతుంది. చిన్నవాళ్లకు ఫండుస్థాన్ ఉంది. బోరాసురలోకి మాత్రం చిన్నపిల్లలను తీసుకెళ్లకండి. చీకటి, భయపెట్టే బొమ్మలు, రాత్రి ఉలిక్కిపడి లేస్తారు. ఒంటిగంట నుంచి మూడున్నర దాకా అందరూ గదిలోనే. ఇందులో బేరం లేదు. చివరి రోజు పొద్దున పక్షుల పార్కు, సీతాకోకచిలుకల తోట, బోన్సాయ్ తోట చూడండి. ఆ వేళ ఎండ నీరెండగా ఉంటుంది, అత్తయ్య ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచేది అప్పుడే.

తిరుగు ప్రయాణం ఉదయం పదకొండు లోపు మొదలుపెడితే చీకటి బాగా ముదరకముందే ఒంగోలు దాటవచ్చు. కదిలే ముందు పక్కింటికి ఫోను చేసి వాన, కాలువల సంగతి కనుక్కోండి. సంక్రాంతికి ముందు రెండు మూడు రోజులు చౌటుప్పల్ దగ్గర పంతంగి టోలుగేటు ఆంధ్రాకు వచ్చే కార్లతో నిండిపోతుంది, ఆ తేదీల్లో తిరుగు ప్రయాణం పెట్టుకోకండి. ఇల్లు చేరగానే కిటికీలు తెరిచి, ఫ్యాన్లు వేసి, పరుపులు ఎత్తి నిలబెట్టండి. పడుకునే లోపు ఒక గంట గాలి తగిలినా చాలు.