టేబుల్ దొరకకపోతే బార్ కౌంటరే దిక్కు

అమెరికాలో ఇంటి దగ్గర ఉండే ఇటాలియన్ రెస్టారెంట్లు శుక్రవారం రాత్రి ఏడింటికల్లా కిటకిటలాడిపోతాయి. రిజర్వేషన్ లేకపోతే గుమ్మం దగ్గర నిలబడొద్దు. బార్ కౌంటర్ సీట్లు చాలాచోట్ల ముందొచ్చినవాళ్లవే, మెనూ కూడా సాధారణంగా మొత్తం ఇస్తారు. ఇద్దరే అయితే అదే మేలు. పిల్లలతో అయితే ముందే టేబుల్ బుక్ చేసుకోండి.

శాకాహారులకు అసలు చిక్కు పేర్లలోనే. మారినారా సాస్ పేరు వింటే సముద్రం గుర్తొస్తుంది గానీ అందులో చేప ఉండదు, టమాటా, వెల్లుల్లి, ఆలివ్ నూనె అంతే. సీజర్ సలాడ్ అమాయకంగా ఆకుల్లా కనిపిస్తుంది, డ్రెస్సింగులో మాత్రం సాధారణంగా ఆంకోవీ చేపలు నూరి ఉంటాయి. మినెస్ట్రోనే సూప్, పుట్టగొడుగుల రిసోట్టో (ముద్దగా వండే అన్నం) తరచు చికెన్ స్టాక్‌తో, అంటే కోడి ఎముకలు మరిగించిన రసంతో, ఉడికిస్తారు. "ఇది వెజిటేరియనా?" అంటే ముక్కలు లేవు కదా అని అవుననేస్తారు. "చికెన్ స్టాక్ వేశారా?" అని సూటిగా అడగండి. అసలైన పార్మిజాన్ చీజ్‌లో పాలు విరగడానికి వేసే రెన్నెట్ ఉంటుంది, అది దూడ కడుపు నుంచి తీసింది. పట్టింపు ఉంటే చీజ్ వద్దని ఆర్డర్‌లోనే చెప్పాలి, తులసిజాతి ఆకుల పెస్టో సాస్‌లోనూ ఆ చీజ్ ఉంటుంది. తిరమిసు అనే కాఫీ రుచి స్వీట్‌లో గుడ్డు, ఒక్కోచోట రమ్ము.

కారం కావాలా? పెన్నే ఆరబ్బియాతా అడగండి, మిర్చి వేసిన టమాటా సాస్ పాస్తా అది. మన నాలుకకు అదీ చప్పనే, ఎండుమిర్చి పలుకులు అడిగితే తెచ్చిస్తారు.

మిగిలిన క్రీమ్ పాస్తాను మైక్రోవేవ్‌లో పెడితే సాస్ విరిగి నూనె తేలుతుంది. మూకుట్లో వేసి, రెండు చెంచాల నీళ్లు చల్లి, సన్నసెగ మీద కలుపుతూ వేడిచేయండి.