వైద్య పరిశోధకుల పేపర్లు, సైటేషన్లు లెక్కించడం ఎలా? ముందు పేరు తేల్చండి

ప్రమోషన్ ఫైల్‌కో, అవార్డు దరఖాస్తుకో ఒక డాక్టర్‌గారి పేపర్ల లెక్క, సైటేషన్ల (ఇతర పేపర్లు వాటిని ఎన్నిసార్లు ఉటంకించాయో ఆ) లెక్క కావాలంటే చాలామంది పరిశోధన వ్యాసాలు వెతికే గూగుల్ స్కాలర్ తెరిచి, అక్కడ కనిపించిన అంకె రాసి పంపేస్తారు. అందులో ఆ డాక్టర్‌గారివి ఎన్ని, అదే పేరున్న మరొకరివి ఎన్ని అని చూడరు. తప్పు అక్కడే మొదలవుతుంది.

1. కావలసినవి. ఎక్సెల్ షీట్, తాజా సీవీ, పబ్‌మెడ్ (వైద్య పేపర్ల ఉచిత డేటాబేస్), కాలేజీ లైబ్రరీకి చందా ఉంటే స్కోపస్ (సైటేషన్లు లెక్కించే డేటాబేస్). షీట్‌లో పేపర్‌కు ఒక వరస: శీర్షిక, జర్నల్, సంవత్సరం, రచయితల క్రమం, డీఓఐ (పేపర్‌కు ఇచ్చే శాశ్వత లింకు నంబరు), పీఎంఐడీ (పబ్‌మెడ్ ఇచ్చే నంబరు), పేపర్ రకం. పాతవి పైన, కొత్తవి కింద ఉండాలి.

2. పేరు తేల్చడం. పని అంతా ఇక్కడే ఉంది. తొందరపడొద్దు.

ఇంటిపేరు ముందు రాయడం మన అలవాటు. జర్నల్ ఫారమేమో ‘లాస్ట్ నేమ్’ అడుగుతుంది. ఆ ఫారం నింపేది తరచుగా పీజీ విద్యార్థి, ఒక్కొక్కరు ఒక్కోలా నింపుతారు. కొండపల్లి వెంకట సత్యనారాయణ రావు అనే పేరు అనుకోండి. ఒక పేపర్‌లో ‘రావు కేవీఎస్’, ఇంకోదాంట్లో ‘రావు కేవీ’, మరోచోట ‘కొండపల్లి వీఎస్’, వేరొకచోట ‘సత్యనారాయణ రావు కే’ అవుతారు. ఇంగ్లిష్‌లో ‘సత్య’కు హెచ్ అక్షరం పెట్టేవాళ్లూ ఉన్నారు, పెట్టనివాళ్లూ ఉన్నారు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన మహిళా డాక్టర్లకు ఈ జాబితా రెట్టింపవుతుంది. భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1925లో సహ పరిశోధకుడు ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి మీద రాసిన పేపర్‌ను వేలసార్లు ఉటంకించారు. ఆ రిఫరెన్సుల్లో యల్లాప్రగడ అన్నది ‘వై’ అనే ఒక్క ఇనీషియల్. ఇంటిపేరుతో వెతికితే ఆయన దొరకరు.

అందుకే వెతకడానికి ముందే డాక్టర్‌గారిని కూర్చోబెట్టి ఇలాంటి రూపాలన్నీ రాయించుకోండి. ఒక్కో రూపాన్ని పబ్‌మెడ్‌లో రచయిత ట్యాగ్‌తో (పేరు తర్వాత [au] అని పెట్టి) విడివిడిగా వెతకండి. ఒకే ఇనీషియల్ ఇస్తే పబ్‌మెడ్ దాని తర్వాత ఇంకా ఇనీషియల్స్ ఉన్నవాళ్లనూ కలిపి చూపిస్తుంది. అది వద్దనుకుంటే పేరును కొటేషన్ గుర్తుల్లో పెట్టండి. ‘రెడ్డి కే’ అని కొడితే మాత్రం గుట్ట వచ్చి పడుతుంది. దాన్ని కో-ఆథర్ల పేర్లతో, సబ్జెక్టుతో జల్లెడ పట్టాలి.

ఊరి పేరుతో వడపోస్తే సరిపోదా అంటారు. చాలదు. పాకిస్తాన్‌లోని సింధ్‌లోనూ హైదరాబాద్ ఉంది. గాంధీ మెడికల్ కాలేజీ మనకూ ఉంది, భోపాల్‌లోనూ ఉంది. నిమ్స్ అంటే పంజాగుట్టే కాదు, జైపూర్‌లోనూ ఆ పేరుతో యూనివర్సిటీ ఉంది. 2014 జూన్‌కు ముందు పేపర్లలో చిరునామా ‘ఆంధ్రప్రదేశ్’ అని ఉంటుంది కాబట్టి తెలంగాణ అని వెతికితే అవి తప్పిపోతాయి. అన్నింటికన్నా పెద్ద గుంట ఇంకొకటి: 2014కు ముందు పబ్‌మెడ్ సాధారణంగా మొదటి రచయిత చిరునామానే ఎక్కించేది. డాక్టర్‌గారు మూడో రచయితగా ఉండి, మొదటి రచయిత వేరే ఊరివారైతే ఆ పేపర్ ఊరి వడపోతలో మాయమవుతుంది. సీవీతో ఒక్కొక్కటే సరిచూడటం తప్ప దీనికి దగ్గరి దారి లేదు.

ఆర్కిడ్ ఐడీ (ఒక్కో పరిశోధకుడికి ఒక్కటే ఉండే గుర్తింపు) ఉంటే చాలదా అంటే, ఆ పదహారు అక్షరాల గుర్తింపు మొదలైంది 2012లో. అంతకుముందు పేపర్లను మనిషే కూర్చుని చేర్చుకోవాలి. చేర్చకపోతే అందులో ఉండవు.

3. స్కోపస్ ప్రొఫైల్ సరిచేయడం. ఒకే మనిషికి రెండు మూడు ఆథర్ ఐడీలు కనిపిస్తే కలపమని అక్కడే అభ్యర్థన పెట్టండి. ఇతరుల పేపర్లు చేరి ఉంటే తీయించండి. సరయ్యాకే అంకె తీసుకోండి.

4. లెక్క. ఒకరి పేపర్లలో కనీసం ‘హెచ్’ పేపర్లకు ‘హెచ్’ చొప్పున సైటేషన్లు ఉంటే, అలాంటి అతిపెద్ద అంకే హెచ్-ఇండెక్స్. దాన్ని 2005లో భౌతిక శాస్త్రవేత్త హిర్ష్ ప్రతిపాదించారు. సైటేషన్లు 40, 12, 6, 4, 1 ఉన్న ఐదు పేపర్లు తీసుకోండి. నాలుగింటికి కనీసం నాలుగేసి ఉన్నాయి, ఐదోదానికి ఐదు లేవు. కాబట్టి హెచ్-ఇండెక్స్ 4. మొదటి పేపర్‌కు 40 బదులు 4,000 ఉన్నా అదే 4.

అంకె స్కోపస్‌దే ఇవ్వాలి, పక్కన తీసిన తేదీ వేయాలి. గూగుల్ స్కాలర్ థీసిస్‌లను, ప్రీప్రింట్లను (జర్నల్ సమీక్షకు ముందే ఆన్‌లైన్‌లో పెట్టిన పేపర్లను) కూడా కలుపుతుంది, దాని అంకె ఫైల్‌లో పెట్టొద్దు. అక్కడ ప్రొఫైల్ ఉంటే కొత్త పేపర్లను తనంతట తాను చేర్చకుండా ముందు మెయిల్ పంపేలా సెట్టింగ్ మార్చండి. రెండు డేటాబేస్‌ల అంకెలను ఒకే పట్టికలో కలపడం అసలు చేయకూడదు.

పేపర్లు వచ్చిన జర్నళ్ల ఇంపాక్ట్ ఫ్యాక్టర్లు కూడి మొత్తం చూపించే అలవాటు మానండి. అది గత రెండేళ్ల వ్యాసాలకు ఈ ఏడాది సగటున ఎన్ని సైటేషన్లు వచ్చాయో చెప్పే జర్నల్ కొలత. మనిషికి దానితో పని లేదు. వందల మంది రచయితలున్న అంతర్జాతీయ అధ్యయనాలను వేరే వరసలో చూపి, అవి లేకుండా హెచ్-ఇండెక్స్ ఎంతో కూడా రాయండి. కమిటీ అడిగే మొదటి ప్రశ్న అదే.

5. చివరి తనిఖీ. ప్రతి డీఓఐని నొక్కి తెరుచుకుంటోందో లేదో చూడండి. ఉపసంహరించిన పేపర్ల జాబితా ఉండే రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌ను 2023లో డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ తీసుకుంది, ఉచితంగానే చూడొచ్చు. ఉపసంహరించిన పేపర్ ఏదైనా ఉంటే జాబితాలోంచి తీసేయకుండా పక్కన ఆ మాట రాయండి. ప్రమోషన్ కోసమైతే ఎన్ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) తాజా నిబంధనలు దగ్గర పెట్టుకుని, ఏ రకం పేపర్లు, ఏ స్థానంలో ఉన్న రచయితలు లెక్కకొస్తారో షీట్‌లో చివరి గడిలో గుర్తించి, డాక్టర్‌గారి చేత ప్రతి పేజీ మీద సంతకం చేయించండి.