పాత ఎస్‌యూవీకి హెడ్‌లైట్ బల్బు ఎంచుకునే పద్ధతి

ఏళ్ల తరబడి తిరిగిన ఎస్‌యూవీలో రాత్రిపూట దారి సరిగ్గా కనిపించడం లేదనగానే చాలామందికి ముందుగా తట్టే ఉపాయం ఎక్కువ వాట్ల బల్బు వేయించడం. కానీ పాత వాహనాల్లో వెలుగు తగ్గడానికి బల్బు ఒక్కటే కారణం కావడం అరుదు. మసకబారిన డూమ్ (బల్బు బిగించే హెడ్‌లైట్ గూడు), వయసు మీద పడిన వైరింగు కూడా అందులో పాలు పంచుకుంటాయి. ఆ రెండింటినీ పరీక్షించకుండా ఎంత ఖరీదైన బల్బు కొన్నా ఫలితం దక్కదు కనుక, ఎంపిక అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

డూమ్ ముందుభాగం చాలా వాహనాల్లో గాజు కాదు, పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు దాని పైపూత అరిగిపోయి, పసుపు పట్టి, వెలుగును ముందుకు పోనివ్వకుండా చెల్లాచెదురు చేస్తుంది. నీటి ఎమెరీ కాగితంతో నెమ్మదిగా రుద్ది, పాలిష్ చేసి, మళ్లీ ఎండను తట్టుకునే పూత వేయిస్తే అది తేటపడుతుంది. ఆ చివరి పూత మానేస్తే పసుపు త్వరలోనే తిరిగి వస్తుంది. ఇక బల్బు తీసి, ఆ రంధ్రంలోంచి టార్చి వేసి లోపలి రిఫ్లెక్టరును చూడండి. వెండిలా మెరవవలసిన పూత పొగచూరినట్టు నల్లబడినా, పెచ్చులుగా లేచినా డూమ్ మార్చడమే మార్గం. దానికి ఏ బల్బూ మందు కాదు.

వైరింగు విషయం ఇంకాస్త ఓపికగా చూడాలి. హాలోజన్ బల్బు (లోపలి తీగ వేడెక్కి వెలిగే మామూలు రకం) వెలుగు వోల్టేజీతో సమానంగా పెరిగి తగ్గేది కాదు. వోల్టేజీ కొద్దిగా పడినా వెలుగు అంతకు ఎన్నో రెట్లు పడిపోతుంది. 13.2 వోల్టులు అందవలసిన చోట 12.2 మాత్రమే అందితే దాదాపు నాలుగో వంతు వెలుగు పోయినట్టే. చాలా పాత వాహనాల్లో హెడ్‌లైట్ కరెంటు మొత్తం స్టీరింగు దగ్గరి స్విచ్ గుండానే, సన్నని తీగల్లో చాలా దూరం ప్రయాణించి బల్బును చేరుతుంది. ఇంజను నడుస్తూ లైట్లు వెలుగుతుండగా మల్టీమీటరుతో ముందు బ్యాటరీ దగ్గర, తర్వాత బల్బు కనెక్టరు వెనకవైపు నుంచి కొలవండి. బల్బు తీసేసి కొలిస్తే కరెంటు పారదు కాబట్టి అంతా సవ్యంగానే ఉన్నట్టు కనిపిస్తుంది; బల్బు వెలుగుతుండగా కొలిచిందే అసలు లెక్క. రెండింటికీ మధ్య తేడా అర వోల్టు దాటితే తుప్పు పట్టిన ఎర్త్ బోల్టును, కనెక్టరులో కాలి నల్లబడిన పిన్నులను ముందు బాగు చేయించాలి. అప్పటికీ తేడా తగ్గకపోతే బ్యాటరీ నుంచి నేరుగా ఫ్యూజు, రిలేల (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్‌ల) ద్వారా కరెంటు తీసుకునే వైరింగు కిట్ వేయించడం, నా అభిప్రాయంలో, పాత ఎస్‌యూవీకి చేయగలిగిన అన్నింటికంటే మేలైన ఖర్చు. కొన్ని జపాన్ వాహనాల్లో స్విచ్ ఎర్త్ వైపున ఉంటుంది కనుక, కిట్ కొనేటప్పుడు ఆ సంగతి తప్పక అడగాలి.

ఇవి తేలాక బల్బు కోడ్ చూడాలి. హెచ్4, హెచ్7, హెచ్11, 9005, 9006 వంటి కోడ్ పాత బల్బు అడుగున ఉండే లోహపు భాగం మీదో, డూమ్ వెనకో ముద్రించి ఉంటుంది. అయితే పాత బల్బు మీద ఉన్నదే సరైనదని నమ్మేయకుండా వాహనం పుస్తకంతో పోల్చుకోవాలి, ఎందుకంటే వెనకటి యజమాని చేతికందినది బిగించి ఉండవచ్చు. హెచ్‌బీ3 అన్నా 9005 అన్నా ఒకటే. హెచ్‌బీ4, 9006 కూడా అంతే. హెచ్8, హెచ్9, హెచ్11 మాత్రం చూపుకు అక్కచెల్లెళ్లలా ఉన్నా వాట్లు వరుసగా 35, 65, 55. వాటి చెవులు (గాడుల్లో కూర్చునే అంచులు) కోసి ఒకదాని చోట ఇంకొకటి ఇరికించేవాళ్లు ఉన్నారు. ఆ పని చేయవద్దు. లారీల కోసం చేసే 24 వోల్టుల హెచ్4 బల్బు కూడా ఇదే ఆకారంలో దొరుకుతుంది, కాబట్టి పెట్టె మీద 12 వోల్టులని ఉందో లేదో చూసుకోవాలి. బల్బు విడిగా ఊడిరాని సీల్డ్ బీమ్ లైట్లున్న మరీ పాత వాహనమైతే, అదే కొలతలో హెచ్4 బల్బు పట్టే డూమ్ వేసుకోవచ్చు.

కోడ్ అంత ముఖ్యం ఎందుకో హెచ్4 బల్బును చేతిలోకి తీసుకుని పరికిస్తే అర్థమవుతుంది. లోపల రెండు ఫిలమెంట్లు, అంటే వెలిగే తీగలు, ఉంటాయి. ముందువైపు ఉన్నది డిప్ (కిందికి దించిన వెలుగు, లో బీమ్) కోసం, దాని కింద దోసిలి పట్టినట్టు ఒక చిన్న లోహపు రేకు ఉంటుంది. వెనకవైపు ఉన్నది హై బీమ్ కోసం. ఆ రేకు కిందివైపు వెలుగును ఆపడం వల్లనే డిప్‌లో కాంతి ఒక గీత గీసినట్టు తెగి, ఎదురుగా వచ్చేవారి కళ్లలో పడకుండా ఉంటుంది. ఫిలమెంటు ఒక్క మిల్లీమీటరు అటుఇటైనా ఆ గీత చెదిరిపోతుంది. హాలోజన్ కోసం చేసిన డూమ్‌లో ఎల్‌ఈడీ బల్బులు వేయడానికి నేను ఒప్పుకోనిది ఈ కారణం చేతనే. చిప్పులు రెండు పక్కలా అతికించి ఉంటాయి, వాటి మధ్య పలక మందంగా ఉంటుంది, వెలుగు పుట్టే చోటు ఫిలమెంటు ఉన్న చోటుతో కచ్చితంగా కలవదు. పైగా కారు ముందరి నేల ధగధగా వెలుగుతుంటే కంటిపాప ముడుచుకుని, దూరంగా ఉన్న గుంతో మనిషో మునుపటికంటే తక్కువగా కనిపించే ప్రమాదం ఉంది. ఎస్‌యూవీ హెడ్‌లైట్లు ఎత్తున ఉంటాయి కాబట్టి చెదిరిన వెలుగు చిన్న కార్లవారికీ ద్విచక్ర వాహనదారులకూ నేరుగా కళ్లలో కొడుతుంది. వెనక ఫ్యాను అడ్డొచ్చి రబ్బరు మూత పట్టకపోతే దుమ్ము, తేమ లోపలికి చేరడం మరో నష్టం. కొన్ని నిర్దిష్టమైన మోడళ్లకు పరీక్షించి అనుమతి పొందిన ఎల్‌ఈడీలు కొన్ని దేశాల్లో ఉన్నాయి. మీ మోడల్ ఆ జాబితాలో ఉంటే ఆలోచించవచ్చు.

వాట్ల సంగతికి వస్తే, హెచ్4కు 60/55 వాట్లు (హై బీమ్‌కు 60, డిప్‌కు 55) ప్రమాణం, అక్కడే ఆగాలి. 100/90 వాట్ల బల్బు ఒకటిన్నర రెట్లకు పైగా కరెంటు లాగి, పాత తీగలను వేడెక్కించి, కనెక్టరును కరిగించి, రిఫ్లెక్టరు పూతను కాల్చేస్తుంది. వాట్లు పెంచకుండానే ఎక్కువ వెలుగు ఇస్తామని పెట్టె మీద ‘130 శాతం అధికం’ అని రాసే రకాలున్నాయి. ఆ శాతం మొత్తం వెలుగు గురించి కాదు. నిబంధన కోరే కనీస స్థాయితో పోల్చి, రోడ్డు మీద ఒకానొక చోట పడే వెలుగు గురించి. వీటి ఫిలమెంటు మరింత వేడిగా మండుతుంది కనుక దూరం నిజంగానే మెరుగ్గా కనిపిస్తుంది, బదులుగా బల్బు త్వరగా పోతుంది. రాత్రి ప్రయాణాలు తక్కువగా ఉండి, బల్బు మార్చడం సులువైన వాహనమైతే ఈ రకం తీసుకోండి. బంపరో బ్యాటరీయో తీస్తే తప్ప చేయి దూరని వాహనమైతే మామూలు రకమే నయం. నీలిపూత పూసి ‘తెల్లని వెలుగు’ అని అమ్మేవాటిని మాత్రం పక్కన పెట్టండి, ఎందుకంటే ఆ పూత ఫిలమెంటు ఇచ్చే కాంతిలో కొంత మింగేస్తుంది. కోడ్‌తోపాటు బల్బు మీద వృత్తంలో ‘E’ అనే రోమన్ అక్షరం, పక్కన ఒక అంకె ఉంటే అది ఐరోపా ప్రమాణానికి ఆమోదం పొందినదని గుర్తు. అలాంటిదే కొనండి.

రెండు బల్బులూ ఒకేసారి మార్చడం మంచిది, లేకపోతే ఒకవైపు పసుపుగా, ఒకవైపు తెల్లగా కనిపించడమే కాక రెండోది కూడా కొద్ది రోజుల్లోనే పోవచ్చు. చల్లారిన తర్వాతే ముట్టుకోవాలి. కొత్త బల్బు గాజును వేలితో తాకకూడదు. తాకితే ఆ జిడ్డు చోట వేడి పోగై గాజు దెబ్బతింటుంది కాబట్టి స్పిరిట్ అద్దిన శుభ్రమైన గుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. హెచ్4 బల్బు అడుగున ఉండే లోహపు చక్రానికి మూడు చెవులుంటాయి, అవి గాడుల్లో సరిగ్గా కూర్చున్నాకే స్ప్రింగు క్లిప్ వేయాలి. బలవంతంగా నొక్కితే తప్ప క్లిప్ పడటం లేదంటే బల్బు వంకరగా ఉన్నట్టే.

చివరగా ఎత్తు సరిచూడాలి. సమతలమైన నేల మీద, టైర్లలో సరైన గాలితో, లోపల లెవెలింగ్ మీట ఉంటే దాన్ని సున్నా మీద పెట్టి, గోడకు 10 మీటర్ల దూరంలో నిలపండి. డిప్ గీత డూమ్ మధ్యభాగం ఎత్తుకంటే 10 నుంచి 15 సెంటీమీటర్లు కిందుగా పడాలి. మీ వాహనం పుస్తకం వేరే కొలత చెబితే దాన్నే పాటించండి. డూమ్ 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉండి గీత 10 సెంటీమీటర్లు దిగితే వెలుగు 90 మీటర్ల దగ్గర నేలను తాకుతుంది, 15 దిగితే 60 మీటర్ల దగ్గర తాకుతుంది. వెనక స్ప్రింగులు కుంగిన వాహనంలోనూ, సామాను నిండుగా వేసినప్పుడూ ముక్కు పైకి లేచి గీత కూడా లేస్తుంది కనుక, ఎప్పుడూ బరువుతోనే తిరిగే వాహనమైతే ఆ బరువు ఉండగానే డూమ్ వెనక మర తిప్పి ఒక్కో లైటును విడివిడిగా సరిచేసుకోవాలి.