పాత ఇంటికి హీట్ పంపు, అయిదో పాఠం: నీరు పల్లమెరుగు

హీట్ పంపంటే ఎండాకాలం చల్లబరిచి, చలికాలం వేడినిచ్చే ఏసీ. ఈ వారం దాని రాగి గొట్టాలకు ఫ్లేర్ కొట్టడం, అంటే చివరను గంటలా విప్పడం నేర్పాలి. అది వచ్చే వారానికి వాయిదా పడింది. కారణం మీరే. కొంత నేనూ.

నాలుగో పాఠంలో, రాగి గొట్టాలూ లోపలి యూనిట్ దించే నీటిని మోసే డ్రైన్ గొట్టమూ బయటికి పోవడానికి, మీ చేత గోడకు కన్నం వేయించాను. ‘కన్నానికి వాలు ఉండాలి’ అని రాసి ఊరుకున్నాను. ఎటు వాలో రాయలేదు. ‘నీరు పల్లమెరుగు’ అన్న సామెత ఉన్న భాషలో అది కూడా చెప్పాలా అనుకున్నాను. చెప్పాలని ఇప్పుడు తెలిసింది. ఆమదాలవలస నుంచి ఒకాయన ఫోను చేశారు. వాలు పెట్టాను, రసమట్టం పెట్టి మరీ చూశాను, అయినా నీళ్లు మంచం మీదే పడుతున్నాయి అన్నారు. ఫొటో పంపమన్నాను. వాలు నిజంగానే ఉంది, గదిలోకి.

కాబట్టి రాసుకోండి. కన్నం గది వైపు ఎత్తు, బయటి వైపు పల్లం. కొత్త ఇళ్ల తొమ్మిదంగుళాల గోడకు బయటి చివర అర సెంటీమీటరు, ముప్పావు సెంటీమీటరు దిగితే చాలు. మన పాత ఇళ్ల గోడలు మూరెడు మందం ఉంటాయి. అలాంటి గోడకు సెంటీమీటరున్నర దిగాలి.

రెండో రకం ఫిర్యాదు ఇంకా ఆసక్తికరమైనది. సంక్రాంతికి బిగించాం, వేడి పెట్టి చూశాం, చుక్క కారలేదు, మార్చి వచ్చేసరికి గోడంతా చారలు, యంత్రం పాడైందా అని నరసన్నపేట నుంచి అడిగారు. యంత్రం బాగానే ఉంది, పరీక్షే తప్పు. మొదటి పాఠం గుర్తు తెచ్చుకోండి: హీట్ పంపు వేడిని పుట్టించదు, మోస్తుంది. ఎండాకాలంలో లోపలి వేడిని బయటికి మోస్తుంది కనుక లోపలి కాయిల్ (గ్యాసు తిరిగే గొట్టాల చుట్ట) చల్లబడి, చల్లటి నీళ్లు పోసిన కంచు చెంబుకు పట్టినట్టు చెమ్మ పడుతుంది. చలికాలంలో నాలుగు దారుల వాల్వు గ్యాసును ఎదురు తిప్పుతుంది. అప్పుడు లోపలి కాయిల్ వేడెక్కుతుంది, చెమ్మ బయటి యూనిట్‌కు పడుతుంది. వేడి మోడ్‌లో పెట్టి లోపల నీరు కారలేదని సంతోషించడం మండుటెండలో గొడుగుకు చిల్లులు లేవని తేల్చుకోవడం లాంటిది. చలికాలంలో బిగించినా సరే, కాయిల్ కింద ఆ నీరు పట్టే ట్రేలో గ్లాసెడు నీళ్లు పోసి చూడాల్సిందే.

నీళ్లంటే ఎన్నో కొన్ని చుక్కలు అనుకోకండి. మన తీరపు గాలిలో తడి ఎక్కువ. టన్నున్నర యంత్రం ముసురు పట్టిన రోజున గంటకు లీటరుకు పైగానే దించుతుంది. రాత్రి తెల్లవార్లూ నడిస్తే బిందెడు నీళ్లు.

ఇక నాకు ఒళ్లు మండే విషయానికి వస్తాను. బకెట్టు.

డ్రైన్ గొట్టం చివరను బకెట్టులో దోపుతారు. నీళ్లు వృథా కాకూడదు, మొక్కలకు పోసుకుంటాం అంటారు. పోసుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. కాని గంటన్నర గడిచేసరికి బకెట్టులో మట్టం పెరుగుతుంది, గొట్టం చివర మునుగుతుంది. ఆ క్షణం నుంచి నీరు దిగడం తగ్గుతుంది, ఆ తరవాత ఆగుతుంది. ఎందుకని? గొట్టంలో ఉన్నది నీరొక్కటే కాదు, గాలి కూడా. కింద చివర మునిగాక ఆ గాలికి దారి లేదు. దాన్ని నెట్టాలంటే పైన నీరు బరువుగా నిలవాలి. పైన ట్రే లోతు రెండు వేళ్లు. గాలిని నెట్టేటంత నీరు నిలిచేలోపే ట్రే పొంగి గోడ మీద పడుతుంది.

నమ్మకపోతే వంటింట్లోకి వెళ్లి గరాటు తీసుకోండి. సీసా మూతిలో బిగుతుగా నొక్కి నీళ్లు పోయండి. కాసేపటికి గరాటులోనే నిలిచిపోతాయి. గరాటును వేలు మందం పైకెత్తండి, గళగళా దిగుతాయి. నూనె పోసే ప్రతి అమ్మకూ ఈ సంగతి తెలుసు. ఏసీ బిగించే కుర్రాళ్లకు మాత్రం తెలియదు.

బకెట్టుకు తోబుట్టువులు కూడా ఉన్నారు. గొట్టం పొడవు మిగిలిందని కోయకుండా మెలిక తిప్పి మేకుకు కడతారు, అప్పుడు మెలిక అడుగున నీరు నిలిచి అదే బకెట్టు పని చేస్తుంది. దారిలో దూలం అడ్డం వచ్చిందని గొట్టాన్ని దాని మీదుగా ఎక్కించి దించుతారు, నీరేమో ఎక్కదు. కొందరు స్నానాలగది తూము గొట్టానికి కలిపి మూతి మూసేస్తారు. అక్కడ నీరు ఆగడం అటుంచి, తూములోని కంపు ఎదురు వచ్చి పడకగదిలో తేలుతుంది. ఇవన్నీ సరిగ్గా ఉన్నా చూరు కింద మట్టి గూడు కట్టే కందిరీగలు ఖాళీ గొట్టం కనబడితే వదలవు. ఆర్నెల్లు వాడని యంత్రం అయితే ముందు గొట్టం మూతి చూడండి. నేను చివరన దోమతెర ముక్క రబ్బరు బ్యాండుతో కడతాను. ఏడాదికోసారి అది విప్పి కడగాలి, లేకపోతే దానికే నాచు పట్టి మళ్లీ కథ మొదటికి.

మీటరు పొడవుకు సెంటీమీటరు వాలు చాలని పుస్తకాలు చెబుతాయి. నేను రెండు పెడతాను. రసమట్టం నా సంచిలో ఉంటుంది కాని గొట్టానికి వాడను, గ్లాసెడు నీళ్లు దానికన్నా నిజం చెబుతాయి. లోపలి యూనిట్‌ను గోడకు తగిలించే పలకకు మాత్రం రసమట్టం తప్పదు. డ్రైన్ వైపు కాస్త వాల్చితే మంచిదని కొందరు చెబుతారు. అక్కర్లేదు, సమంగా పెట్టండి. ట్రేకు తన వాలు తనకుంది.

మూడో ఫిర్యాదు గోడ పెచ్చులూడటం. దీని మీద మిమ్మల్ని తిట్టే హక్కు నాకు లేదు. ఇరవై ఏళ్ల కిందట విజయనగరంలో అయ్యకోనేరు దగ్గర ఒక మండువా ఇంట్లో నేను చేసింది అదే. లోపలి నుంచి కోర్ కట్టర్ (గుండ్రటి కన్నం కోసే గొట్టం లాంటి బిట్) పెట్టి ఒకే ఊపున బయటికి తోశాను. కట్టర్ అవతల తేలుతుండగా బయట ధబ్బుమంది. చేటంత గార పలక అరుగు మీద పడి మూడు ముక్కలైంది. ఆ ఇంటి మామ్మగారు ఒక ముక్క చేతిలోకి తీసుకుని, అంచు బొటనవేలితో తడిమి, “బాబూ, మా మామగారు కరక్కాయ నీళ్లు పోయించి గానుగ ఆడించిన సున్నం ఇది. ఇప్పుడు ఎక్కడినుంచి తెస్తావు?” అన్నారు. నాకు నోట మాట రాలేదు. సిమెంటుతో పూడ్చి వచ్చాను. తరవాతి వానాకాలానికి ఆ సిమెంటు చుట్టూ చెమ్మ ఉంగరంలా తేలింది. సున్నపు గోడ తడిని పీల్చి వదులుతుంది, సిమెంటు మాసిక దానికి అడ్డు.

అందుకని ఇప్పుడు ముందు పన్నెండు మిల్లీమీటర్ల పొడుగు బిట్‌తో, వాలు చూసుకుని, ఆరపార సన్నని కన్నం వేస్తాను. అది దారి చూపుతుంది. తరవాత రెండున్నర అంగుళాల కట్టర్‌తో లోపలి నుంచి సగం, బయటి నుంచి సగం. అంచుకు రాగానే డ్రిల్లు మీద భారం వేయడం మానేస్తాను. కన్నంలో పీవీసీ గొట్టం ముక్క తొడుగుతాను, సున్నం రాలదు. చుట్టూ సున్నమూ సన్నటి ఇసుకా కలిపి పూడుస్తాను. ఫోమ్ ఎందుకు కొట్టరు అని అడిగారు ఒకరు. ఎలుకలు నెల తిరక్కుండా తోడేస్తాయి, అందుకు.

పలక బిగించేటప్పుడు డ్రిల్లులో సుత్తి దెబ్బ ఆపేయండి. పాత సున్నం అతుకులు ఆ అదురుకు వదులవుతాయి. మేకు ఇటుకలో దిగాలి, అతుకులో కాదు. లోపలి యూనిట్ పది కిలోలు అటూ ఇటూ ఉంటుంది, ఇటుక మోస్తుంది. మట్టిగోడ అయితే నేరుగా బిగించే ప్రయత్నమే వద్దు. అంగుళం మందం టేకు పలకను ఆరపార బోల్టులతో, బయటి వైపు పెద్ద వాషర్లు వేసి కట్టి, దాని మీద యూనిట్ పెట్టండి.

బయటి యూనిట్ ముప్పై కిలోలు, పైగా అదురుతుంది. పాత గోడకు దాన్ని వేలాడదీసేవాళ్లతో నేను మాట్లాడను. పెంకు మీద, మిద్దె మీద కూడా వద్దంటాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను. ఆ రెండు గాలులూ చూసిన జిల్లాల వాళ్లకు ఇంతకన్నా వివరణ అవసరం లేదు. పెరట్లో మూరెడు ఎత్తు దిమ్మ కట్టి, బోల్టులతో బిగించండి. చలికాలంలో దీని కిందనుంచి కూడా నీరు కారుతుందని పైన చెప్పాను, దిమ్మ చుట్టూ నీరు పోయే దారి ఉంచండి. కళింగపట్నం, బారువ వైపు వాళ్లు మామూలు ఇనుప స్టాండు కొనకండి, ఉప్పుగాలికి తుప్పు తినేస్తుంది. స్టెయిన్‌లెస్ బోల్టులు, జింకు పూత పూసిన స్టాండు.

కరెంటు సంగతి మీకు తెలిసిందే. చెక్క పట్టీల మీద పోయిన పాత తీగకు దీన్ని తగిలించరు. మీటరు నుంచి వేరే లైను, నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ఇరవై ఆంపియర్ల ఎంసీబీ (భారం మించితే కరెంటు ఆపేసే స్విచ్చి), నిజమైన ఎర్తు. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత చేయించండి.

అభ్యాసం. ఈసారి చిన్నది కాదు. నాలుగు మీటర్ల డ్రైన్ గొట్టం కొని అరుగు నుంచి పెరట్లోకి వాలుగా కట్టండి. పై చివర గరాటు పెట్టి లీటరు నీళ్లు మెల్లగా పోసి, చివరి చుక్క వరకు ఎన్ని సెకన్లో రాయండి. తరవాత మధ్యలో గొట్టాన్ని బెత్తెడు పైకెత్తి ఒకసారి. తరవాత కింద చివర బకెట్టులో ముంచి ఒకసారి. ఒక్కొక్కటి మూడేసి సార్లు. అది అయ్యాక యూనిట్ పెట్టదలచిన గోడను జానెడుకొకచోట వేలి కణుపుతో తట్టండి. గట్టిగా పలికిన చోట సుద్దతో గీత, డొల్లగా పలికిన చోట సున్న. గోడంతా. మండువా ఇంటి గోడకు పూట పడుతుంది, పట్టనివ్వండి.

ఇంకొక మాట. వచ్చే వారం ఫ్లేరూ, గొట్టాల్లోని గాలి లాగేసే వాక్యూమూ చూస్తాం. అప్పటిదాకా రాగి గొట్టాల చివరల ప్లాస్టిక్ బిరడాలు తీయకండి, బయటి యూనిట్ వాల్వుల జోలికి అసలే పోకండి. అందులో గ్యాసు నిండుగా ఉంది.