మామ్మగారికి ఫ్లూ సూది వేయించాలంటే

నేను కాకినాడలో ఒక చిన్న క్లినిక్‌లో నర్సుని. ఫ్లూ టీకాని పిల్లల టీకాల్లా సర్కారు ఉచితంగా వెయ్యదు, ఖర్చు మనదే. అయినా పెద్దవాళ్లు వద్దనేది చాలాసార్లు డబ్బు గురించి కాదు. మీ ఇంట్లో 65 దాటినవాళ్లుంటే, షుగరో ఆస్తమానో ఉన్నవాళ్లుంటే, ముందు వాళ్ల మనసులో అడ్డేమిటో కనుక్కోండి.

"జలుబుకి సూదేంటమ్మా, మిరియాల కషాయం చాలదూ?" అంటారు. కషాయాన్ని తీసిపారేయకండి, గొంతుకి హాయిగా ఉంటుంది, తాగమనండి. కానీ ఫ్లూ ముదిరితే న్యుమోనియా దాకా వెళ్తుందని, అది కషాయానికి ఆగదని చెప్పండి.

తర్వాత ముహూర్తం. అమావాస్య వెళ్లనిమ్మంటే ఆగండి, రెండ్రోజుల్లో పోయేదేం లేదు. ఆషాఢం పోనిమ్మంటే మాత్రం ఒప్పుకోకండి. మన దగ్గర వానలు మొదలయ్యాకే ఫ్లూ పెరుగుతుంది, సూది పనిచెయ్యడానికేమో రెండు వారాలు పడుతుంది. అందుకే వైశాఖంలోనో జ్యేష్ఠంలోనో మంచిరోజు చూడమంటాను. పంచాంగం వాళ్లనే తియ్యనివ్వండి. తాము పెట్టిన తేదీ అయితే వెనక్కి తగ్గరు.

అసలు చిక్కు గుడ్డు దగ్గర వస్తుంది. ఈ టీకాల్లో ఎక్కువ భాగం కోడిగుడ్లలో వైరస్‌ని పెంచి తయారుచేసేవే. శుద్ధి చేశాక కూడా గుడ్డు ఆనవాలు కొంచెం మిగలొచ్చు. శాకాహారుల ఇళ్ల నుంచి వచ్చే కొడుకులు "చెప్పకండి సిస్టర్" అని గొణుగుతారు. నేను చెప్పే తీరతాను. రేపు ఏ టీవీలోనో వింటే, ఇక బీపీ బిళ్ల కూడా అనుమానంగానే మింగుతారు. ఒక మామ్మగారు అంతా విని, కాసేపు కిటికీలోంచి చూసి, "నోట్లోకి కాదుగా, చేతికేగా" అని జాకెట్టు చెయ్యి పైకి లాక్కున్నారు. ఇంకొకావిడ ససేమిరా అన్నారు. గుడ్డు వాడకుండా చేసే రకాలూ ఉన్నాయి, అలాంటివారు డాక్టరుగారిని అడిగి చూడొచ్చు. గుడ్డు పడనివాళ్లు, ఏదైనా టీకాకి ముందెప్పుడైనా ఒళ్లు దద్దుర్లెక్కినవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి.

సూదయ్యాక పథ్యం మొదలు. వంకాయ, గోంగూర మానేస్తామంటే మానెయ్యనివ్వండి, అవసరం లేదు గానీ నష్టమూ లేదు. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు పథ్యమని భోజనమే మానేస్తే మాత్రం ఊరుకోకండి. సూది పడ్డచోట ఆముదం రుద్దడం, ఉప్పు కాపడం వద్దు. తడిగుడ్డ చాలు.

ఒకటి రెండు రోజులు చెయ్యి నొప్పి, ఒళ్లు వెచ్చబడటం మామూలే. మేం వేసే సూదిలో ఉండేది చచ్చిన వైరస్, దానివల్ల ఫ్లూ రాదు. మూడో రోజుకీ జ్వరం దిగకపోతే నెపం సూది మీద పెట్టి కూర్చోకుండా తీసుకురండి.