తెచ్చిన పిల్లలను పొదుగు పెట్ట సాకనప్పుడు: సమస్య – పరిష్కారం

హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన వనరాజా, గ్రామప్రియ వంటి పెరటి రకాలు గుడ్లు బాగానే పెడతాయి గానీ, వాటికి పొదుగు లక్షణం, అంటే గుడ్ల మీద కూర్చుని పిల్లలను చేసే గుణం, దాదాపు ఉండదు. అందువల్ల ఆ రకాల ఒకరోజు పిల్లలను హేచరీ (యంత్రాలతో పిల్లలను పొదిగించే కేంద్రం) నుంచి తెచ్చి, ఇంట్లో పొదుగుకు కూర్చున్న నాటు పెట్ట కిందనో అసిల్ (పందెం కోళ్ల జాతి) పెట్ట కిందనో వదిలి పెంచుకునేవారు ఉన్నారు. బల్బు, బ్రూడరు (పిల్లలకు వేడినిచ్చే ఏర్పాటు), కరెంటు పోయిన రాత్రి జాగారం ఏవీ అవసరం లేని మంచి పద్ధతి ఇది. అయితే పెట్ట ఆ పిల్లలను తనవిగా ఒప్పుకోకపోతే గంటలోపే ప్రాణాలు తీయగలదు. ఈ పెంపకంలో మొదటి వారం వచ్చే ఇబ్బందులలో ఎక్కువ భాగానికి కారణం మేతలోనో మందులోనో ఉండదు. పెట్ట ఎన్ని రోజులుగా పొదుగులో ఉంది, పిల్లల వయసు ఎంత అనే రెండు లెక్కలలోనే ఉంటుంది. ఏ లక్షణం కనిపించినా ముందుగా వాటినే సరిచూసుకోవాలి.

పెట్ట పిల్లలను పొడుస్తోంది

అన్ని పొడుపులూ ఒకటి కావు. బయటికి తల పెట్టిన పిల్లను ముక్కుతో ఒక్కసారి తట్టి ఊరుకుంటే అది అదిలింపు మాత్రమే. దానికి కంగారుపడి పిల్లలను తీసేయనక్కరలేదు. మెడ ఈకలు నిక్కించి, లేచి నిలబడి, తల మీదా కళ్ల దగ్గరా వరుసగా పొడుస్తూ పిల్లను పట్టి విసిరేస్తుంటే మాత్రం అది తిరస్కారం. ఆ క్షణంలోనే పిల్లలను తీసి వెచ్చని చోట పెట్టాలి.

దీనికి ముఖ్యమైన కారణం పెట్టకు పొదుగు ముదరకపోవడం. గూటిలో రెండు మూడు రోజులు కూర్చున్నంత మాత్రాన పెట్ట తల్లి కాదు. సహజంగా ఇరవై ఒక్క రోజులు పొదిగిన తరువాత పిల్లలు రావాలి కనుక, కనీసం రెండు వారాలైనా గుడ్ల మీద నిలకడగా కూర్చున్న పెట్టనే ఎంచుకోవాలి. పొదుగు ముదిరిన పెట్ట కిందికి చెయ్యి పోనిస్తే ఈకలన్నీ విప్పి గుర్రుమంటుంది గానీ లేచిపోదు. రొమ్ము కింద ఈకలు రాలి చర్మం వేడిగా తగులుతుంది. రోజుకు ఒకసారి మాత్రమే దిగి, ముద్దగా, ఘాటైన వాసనతో రెట్ట వేసి, త్వరత్వరగా మేత మేసి మళ్లీ వచ్చి కూర్చుంటుంది. ఈ గుర్తులు లేకపోతే మరికొన్ని రోజులు గుడ్ల మీదే ఉంచి చూడాలి. పిల్లలను పెట్టబోయే రోజునే పెట్టను గూడు మార్చడం కూడా పొదుగు విరగడానికి ఒక కారణం. మార్చక తప్పకపోతే నాలుగైదు రోజుల ముందే, రాత్రిపూట, గుడ్లతో సహా మార్చాలి.

రెండోసారి ప్రయత్నం పూర్తిగా చీకటి పడిన తరువాతే చేయాలి. టార్చికి ఎర్రటి బట్ట చుట్టుకుని, ఒక చేత్తో పెట్ట కింద నుంచి ఒక గుడ్డు తీస్తూ, రెండో చేత్తో పిల్లను ముందు నుంచి కాకుండా పక్క నుంచి రెక్క కిందికి జరపాలి. లోపలి నుంచి పిల్ల కీచుమనగానే పెట్ట గొంతులోనే సన్నగా కుర్రుమని బదులిచ్చి, రెక్క కాస్త ఎత్తి సర్దుకుంటే పని సగం అయినట్లే. మొదట ఒకటి రెండు పిల్లలనే పెట్టి, ఓ అరగంట ఆగి, అలజడి లేకపోతే మిగిలినవన్నీ ఆ రాత్రే పెట్టేయాలి. రోజుకు కొన్ని చొప్పున చేర్చడం మంచిది కాదు, ఎందుకంటే తన పిల్లలేవో ఒకసారి గుర్తుపట్టిన పెట్ట తరువాత వచ్చిన వాటిని, ముఖ్యంగా రంగు తేడాగా ఉన్న వాటిని, ఏరి మరీ పొడుస్తుంది. తెల్లవారకముందే లేచి గూటి దగ్గర ఉండటం తప్పనిసరి. వెలుతురులో పెట్ట పిల్లలను మొదటిసారి చూసుకునే ఆ కొద్దిసేపే అసలు పరీక్ష. రెండు రాత్రుల తరువాత కూడా అదే పెట్ట అలాగే పొడుస్తుంటే దాన్ని వదిలేయడమే మేలు. కొన్ని పెట్టలు గుడ్లు పొదుగుతాయి గానీ పిల్లలను సాకవు. వాటితో పట్టుదలకు పోయి నష్టపోవడం తెలివైన పని కాదు.

పెట్ట పిలుస్తోంది, పిల్లలే దగ్గరికి పోవడం లేదు

పిల్లల కోడి నూకగింజను ముక్కుతో పట్టి, కింద వదిలి, మళ్లీ పట్టి, కొక్కొక్కొ అని వేగంగా పిలుస్తుంది. పుట్టిన ఒకటి రెండు రోజులలోపు దాని కిందికి చేరిన పిల్లలు ఆ పిలుపుకు పరుగెత్తి వస్తాయి. నాలుగైదు రోజులు బల్బు కింద పెరిగిన పిల్లలు మాత్రం ఆ పిలుపు అర్థం కాక మూలకు పోయి గుంపుగా నిలబడతాయి. ఇక్కడ తప్పు పెట్టది కాదు. పిల్లల వయసు మీరింది.

వయసు వారంలోపే అయితే పెట్టనూ పిల్లలనూ ఒకే గంప కింద రెండు రోజుల పాటు కప్పి ఉంచి, మరో వేడి లేకుండా చేస్తే చలికి పిల్లలు తామే రెక్కల కిందికి చేరవచ్చు. అయితే వాటిని గంటకోసారి చూస్తూ ఉండాలి, ఎందుకంటే చేరని పిల్ల చలికి త్వరగా నీరసిస్తుంది. వారం దాటిన పిల్లలను బల్బు కిందనే పెంచుకోవాలి. పుట్టిన మొదటి వారానికి సుమారు 35 డిగ్రీల వేడి లెక్క పెట్టుకుని, వారానికి మూడేసి డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి.

తెల్లవారేసరికి ఒకటి రెండు పిల్లలు బిగుసుకుపోయి ఉంటున్నాయి

నాటు పెట్ట చిన్నది. దాని రెక్కల కింద పది పన్నెండు పిల్లలకు మించి చోటుండదు, చలి రోజులలో ఇంకా తగ్గించాలి. హేచరీ పెట్టెలో ఎన్ని వస్తే అన్నీ ఒకే పెట్టకు అప్పజెబితే అంచున మిగిలినవి చచ్చిపోతాయి. సిమెంటు నేల మీద గంప బోర్లించడం, ఎత్తైన గూటి నుంచి దిగిన పిల్ల తిరిగి ఎక్కలేకపోవడం కూడా ఇదే ఫలితాన్నిస్తాయి. నేల మీద రెండంగుళాల మందాన పొడి వరి ఊక పరిచి, గాలి వచ్చే వైపు గంపకు గోనెసంచి కట్టాలి. చల్లబడిన పిల్ల దొరికితే ముందు ఒళ్లు వెచ్చబడనివ్వాలి, ఆ తరువాతే నీళ్లు. నోట్లో బలవంతంగా పోసిన నీళ్లు ఊపిరితిత్తులలోకి పోతాయి.

పెట్ట చిక్కిపోతోంది, ఊరికే ఈకలు దులుపుకుంటోంది

మూడు వారాలు అరకడుపుతో కూర్చున్న పెట్ట బరువు తగ్గడం సహజమే. తెల్లబడిన తమ్మె, మలద్వారం చుట్టూ ఈకల మొదళ్లలో కదిలే పేలు కనిపిస్తే మాత్రం కారణం అవే. పేల మందు పిల్లలు రాకముందే పశువైద్యుల సలహాతో వేయించాలి. పిల్లలు రెక్కల కిందికి చేరాక పెట్టపై మందు చల్లడం ప్రమాదకరం. పొడి మట్టి, జల్లించిన బూడిద కలిపి ఒక మూల పోసి ఉంచితే పెట్ట తానే అందులో పొర్లాడుతుంది. మేత విషయంలో ఒక జాగ్రత్త చెప్పుకోవాలి: గుడ్ల కోళ్ల దాణాలో సున్నం (కాల్షియం) శాతం ఎక్కువ, అది పిల్లల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అందువల్ల తల్లికీ పిల్లలకూ చిక్ స్టార్టర్ (చిన్న పిల్లల కోసం తయారైన) దాణానే పెట్టాలి. నూకలు మాత్రమే పెడితే కడుపు నిండుతుంది గానీ మాంసకృత్తులు చాలవు, వనరాజా పిల్లలు ఆ తేడాను వెంటనే చూపిస్తాయి. నీళ్ల పళ్లెం లోతు లేనిదై ఉండాలి. అందులో గులకరాళ్లు వేస్తే పిల్లలు పడి మునగవు.

పిల్లల వెనుక భాగాన రెట్ట గట్టిపడి అంటుకుంది

గోరువెచ్చని నీళ్లలో తడిపిన దూదితో మెత్తబరచి తుడవాలి. పొడిగా పీకితే చర్మం ఊడుతుంది.

పిల్లలు రెక్కలు వాల్చి ముడుచుకుంటున్నాయి, రెట్టలో రక్తం ఉంది

మూడో వారం నుంచి ఆరో వారం మధ్య ఇది కనిపిస్తే ముందుగా అనుమానించవలసింది రక్తపారుడు, అంటే కాక్సీడియోసిస్. పైకి ఆరోగ్యంగా కనిపించే పెద్ద పెట్ట రెట్టలో కూడా ఆ సూక్ష్మజీవులు ఉండవచ్చు. తడిసిన ఊకలో అవి బలపడతాయి. పశువైద్యులు చెప్పిన మోతాదులో ఆంప్రోలియం నీళ్లలో కలిపి ఇవ్వాలి, తడి ఊక మొత్తం ఎత్తివేయాలి. మందుల దుకాణంలో చేతికందిన యాంటీబయాటిక్ పోయడం మన పల్లెలలో బాగా పాతుకుపోయిన అలవాటు గానీ, దానితో ఈ జబ్బు తగ్గదు.

ఆకుపచ్చని పారుడుతో పాటు మెడ మెలితిరగడం, నోరు తెరిచి ఊపిరి తీయడం కనిపిస్తే అది కొక్కెర తెగులు (రాణిఖేత్ వ్యాధి) కావచ్చు. దానికి మందు లేదు, టీకా మాత్రమే దారి. పిల్లలకు 5 నుంచి 7 రోజుల మధ్య లసోటా టీకాను కంటి చుక్కగా వేయించి, సుమారు నాలుగు వారాలకు మళ్లీ వేయించి, ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ టీకా ఇప్పించాలి. తల్లి ఉన్నది కదా అని టీకా మానుకోకూడదు, పెట్ట ఇచ్చేది వెచ్చదనమే.

పిల్లలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి

కాకి, గద్ద పగటిపూట ఎత్తుకుపోతాయి. ముంగిస, పిల్లి గూటిలోకే దూరుతాయి. మొదటి పది రోజులు గంప కిందనో వల కట్టిన చోటనో ఉంచి, తరువాత గద్దను చూసి పెట్ట అరవగానే పిల్లలు దూరడానికి పొదలు, చెట్ల నీడ ఉన్న చోటే వదలాలి.

పెట్ట మధ్యలోనే పిల్లలను వదిలేసింది

తల్లి ఆరు నుంచి ఎనిమిది వారాలలో పిల్లలను తరిమివేయడం మామూలే. మంచి మేత దొరికిన పెట్ట త్వరగా గుడ్లకు వచ్చి, నెల తిరగకముందే వదిలేయవచ్చు. అప్పుడు పిల్లల వీపునా రొమ్మునా ఈకలు నిండాయో లేదో చూడాలి. నిండితే ఇబ్బంది లేదు. నిండకపోతే రాత్రిపూట బల్బు పెట్టి, తరుముతున్న పెట్టను వేరే గూటికి మార్చాలి. పిల్లలను మాత్రం అలవాటైన గూటిలోనే ఉంచాలి. తల్లి పోయినా చోటు మారకపోతే అవి చీకటి పడేసరికి తామే అక్కడికి చేరుకుంటాయి.