సిగరెట్‌కు పోయే డబ్బు లెక్క తీసి, మానేయడం ఎలా

ముందు ఫోన్ తీయండి. ఫోన్‌పే గానీ గూగుల్ పే గానీ తెరిచి, మీరు రోజూ సిగరెట్ కొనే బంకాయన పేరు వెతకండి. 20, 40, 20, 50, 20 అని వరుసగా వస్తూనే ఉంటాయి, ఒక్కో రోజు నాలుగైదు సార్లు. పోయిన నెల మొత్తం కూడండి. "నేను తాగేది తక్కువే, నెలకు పదిహేను వందలు దాటదు" అని గట్టిగా నమ్మేవాళ్లు చాలామంది ఈ లెక్క చూసి నోరు తెరుస్తారు, ఎందుకంటే ఇరవై ఇరవైగా పోయేది ఖర్చులాగే అనిపించదు, రెండు వేలు ఒకేసారి ఇచ్చి ఉంటే గుర్తుండేది. నగదు ఇచ్చే అలవాటైతే ఒక వారం జేబులో చిన్న కాగితం పెట్టుకుని, వెలిగించిన ప్రతిసారీ ఒక గీత గీయండి, పక్కన టైము, ఎక్కడ ఉన్నారో రెండు ముక్కలు రాయండి. ఆ వారం తగ్గించాలని చూడొద్దు, ఉన్నది ఉన్నట్టు రాయండి. ఈ కాగితం తర్వాత చాలా పనికొస్తుంది.

రేట్లు అంగడిని బట్టి మారతాయి, పన్ను పెరిగినప్పుడల్లా పెరుగుతాయి, కాబట్టి మీ రేటు మీరే వేసుకోండి. ఉదాహరణకు సింగిల్ 20 రూపాయలు, రోజుకు 8 అనుకుందాం, 160 అయింది. సిగరెట్ పట్టుకుంటే టీ తప్పదు, 10 రూపాయల టీలు నాలుగు వేసుకోండి. రోజుకు 200, నెలకు 6,000, ఏడాదికి 73,000. ఇందులో ఫ్రెండ్‌కు ఇప్పించినవి, వాసన పోవడానికి కొనే చాక్లెట్లు, పోగొట్టుకునే లైటర్లు కలపలేదు. ప్యాకెట్ కొంటే ఎక్కువ తాగేస్తామని లూజు కొనేవాళ్లున్నారు, కానీ విడిగా కొంటే ఒక్కోదానికి ప్యాకెట్ రేటు కన్నా ఎక్కువే పడుతుంది. బీడీ తాగేవాళ్లు కట్ట 30 చొప్పున రోజుకు రెండు కట్టలు వేసుకుంటే ఏడాదికి దాదాపు 22,000. కూలి డబ్బుల్లోంచి అది చిన్న మొత్తమేమీ కాదు. పైగా బీడీ చవక కాబట్టి హాని కూడా తక్కువే అనుకోవద్దు, సిగరెట్ కన్నా ఎక్కువ తారు, నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ లోపలికి పోతాయి.

ఇప్పుడు ఆ 6,000ను మీ ఇంటి లెక్కల పక్కన పెట్టి చూడండి. ఒకటో తేదీన జేజికి వచ్చే ఎన్టీఆర్ భరోసా పింఛను 4,000. ఆ డబ్బుతో మందులు, మనవళ్లకు ఏదో ఒకటి, ఇంట్లో చిల్లర ఖర్చులు నడుస్తుంటాయి. అదే ఇంట్లో కొడుకు దానికి ఒకటిన్నర రెట్లు బంకు దగ్గర ఇచ్చి వస్తున్నాడు.

అప్పు సంగతి ఇంకా ముఖ్యం. అనంతపురం, కడప, కర్నూలు ఏ వైపు చూసినా బోరు వేయించడానికో, పెళ్లికో, పిల్లల ఫీజుకో తెచ్చిన బాకీ లేని ఇల్లు అరుదు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్ష ఉందనుకోండి, నెలకు 2,000 వడ్డీ కట్టి కట్టి విసిగిపోతాం, అసలు మాత్రం కదలదు. పొగకు పోయే ఆ 6,000నే నెలనెలా అక్కడ కడితే, మొదటి నెల 2,000 వడ్డీకి పోయి 4,000 అసలుకు జమ అవుతుంది, రెండో నెల వడ్డీ 1,920కి దిగుతుంది, అలా 21 నెలల్లో లక్ష మొత్తం తీరిపోతుంది. అసలును కొంచెం కొంచెంగా జమ చేసుకుంటారా, మిగిలినదానికే వడ్డీ వేస్తారా అని ముందే మాట్లాడుకోండి. ప్రామిసరీ నోటు వెనకాల ప్రతి జమా రాయించుకోండి. నా మాట అడిగితే, బాకీ ఉన్నవాళ్లకు సిగరెట్ మానడానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు.

బాకీ లేకపోతే పోస్టాఫీసులో ఐదేళ్ల ఆర్డీ, అంటే నెలనెలా ఒకే మొత్తం కట్టే పొదుపు ఖాతా, తెరవండి. నెలకు 6,000 చొప్పున, 6.7 శాతం వడ్డీ లెక్కన, 3,60,000 కట్టినదానికి చివర్లో సుమారు 4,28,000 వస్తుంది. వడ్డీ రేటు ఆర్డీ తెరిచే రోజు కౌంటర్లో అడగండి. ఏది చేసినా ఒక్కటి పాటించండి: ఆ డబ్బు నెల మొదట్లోనే మీ చేతిలోంచి పోవాలి. నెలాఖరుకు మిగిలింది దాద్దామంటే మిగలదు. రోజు కూలి అయితే సాయంత్రం కూలి చేతికందగానే ఆ రోజు వంతు ఇంట్లో వాళ్ల చేతికి ఇచ్చేయండి.

ఇక మానడం. మన దగ్గర అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు సిగరెట్ ముట్టనివాళ్లు వీధికి నలుగురుంటారు. రోజుకు రెండు ప్యాకెట్లు ఊదేసే మనిషి కూడా మాల వేసుకున్న రోజు నుంచి అసలు ఆ వైపే చూడడు. రంజాన్ నెలలో కడప, కర్నూలు పాతబస్తీల్లో తెల్లవారుజాము నుంచి పొద్దుగూకే వరకు నీళ్లతో పాటు పొగ కూడా మానేసేవాళ్లను చూస్తున్నాం. కాబట్టి "నా వల్ల కాదు" అనే మాట పక్కన పెట్టేయొచ్చు. నికోటిన్ లేక ఒంట్లో వచ్చే చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఏకాగ్రత లేకపోవడం మొదటి మూడు రోజులు బాగా ఎక్కువగా ఉండి, రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు తగ్గిపోతాయి. అంటే 41 రోజులు దాటేసరికి ఒళ్లు అడగడం దాదాపు మానేసినట్టే. మరి మాల తీసిన రోజే మళ్లీ ఎందుకు మొదలవుతుంది? శబరిమల నుంచి వచ్చి, స్నేహితులతో అదే టీ బంకు దగ్గర, దారానికి కట్టి వేలాడదీసిన అదే లైటర్ పక్కన నిలబడతాం, ఎవరో ఒకరు "ఇంక తీసేశావు కదా, పట్టు" అని చేతికిస్తారు. దీక్షలో ఉండగా ఎవరూ ఇవ్వరు, అడగరు, పైగా అందరూ "స్వామీ" అని మర్యాద ఇస్తారు. దీక్ష అయిపోగానే ఆ కాపలా పోతుంది. ఒళ్లు సిద్ధంగానే ఉంటుంది, చుట్టూ మనుషులు, చోటు మాత్రం మారవు.

కాబట్టి ప్లాన్ చోటు గురించి, మనుషుల గురించి ఉండాలి. మీరు గీతలు గీసిన కాగితం ఇప్పుడు తీయండి. పొద్దున లేవగానే ఒకటి, టిఫిన్ అయ్యాక ఒకటి, పని మధ్యలో టీకి రెండు, బస్సు కోసం నిలబడ్డప్పుడు ఒకటి, ఇలా మీ ఎనిమిదికీ ఎనిమిది సందర్భాలు కనిపిస్తాయి. ఒక్కోదానికి ఏం చేస్తారో విడివిడిగా రాసుకోండి. టీ బంకు మార్చండి, సిగరెట్లు అమ్మని హోటల్లో కూర్చుని తాగండి, కుదిరితే కొన్నాళ్లు టీ బదులు మజ్జిగ. దీనికి ఇంకో కారణం కూడా ఉంది: పొగ మానాక టీ, కాఫీలలోని కెఫీన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, రోజూ తాగే అన్ని టీలు తాగితే గుండె దడ, నిద్ర పట్టకపోవడం వస్తాయి, అదంతా సిగరెట్ మానడం వల్లే అనుకుని మళ్లీ వెలిగిస్తారు. టీలు సగానికి తగ్గించండి. బంకాయనకు కూడా ఒక మాట చెప్పండి, "అన్నా, నాకు ఇంక ఇవ్వొద్దు, అడిగినా ఇవ్వొద్దు" అని. రోజూ చూసే మనిషి కాబట్టి చాలామంది నవ్వి ఊరుకోరు, నిజంగానే గుర్తు చేస్తారు.

తగ్గిస్తూ పోయే పద్ధతి మీద నాకు నమ్మకం తక్కువ. ఎనిమిది నుంచి ఐదుకు వచ్చి, ఏదో టెన్షన్ రాగానే పదికి పోతుంది. ఒక తేదీ పెట్టుకుని ఆ రోజు పూర్తిగా ఆపేయండి. పెళ్లి, జాతర, ఊరికి ప్రయాణం ఉన్న వారం వద్దు. ముందు రోజు రాత్రి ఇంట్లో, బండి డిక్కీలో, ఆఫీస్ డ్రాయర్లో ఉన్నవన్నీ తీసి పారేయండి, "అవసరానికి ఒకటి" అని దాచుకోవద్దు.

తాగాలనే తహతహ ఒక్కోసారి కొన్ని నిమిషాలే గట్టిగా ఉంటుంది. ఆ కాసేపు గడపాలి, అంతే. జేబులో వేయించిన శెనక్కాయ విత్తనాలు, సోంపు, లవంగాలు పెట్టుకోండి, నీళ్లు తాగండి, లేచి నాలుగడుగులు వేయండి, ఎవరికైనా ఫోన్ చేయండి. గుట్కా, ఖైనీ, జర్దా పాన్ వైపు మాత్రం వెళ్లొద్దు, అందులోనూ నికోటినే, నోటి క్యాన్సర్ అదనం. ఈ-సిగరెట్ల అమ్మకం మన దేశంలో 2019 నుంచే నిషేధం.

పొద్దున లేచిన అరగంటలోపే మొదటిది వెలిగించేవాళ్లకు కష్టం ఎక్కువగా ఉంటుంది. వాళ్లు నికోటిన్ గమ్ సాయం తీసుకోవడంలో తప్పేం లేదు. 2 మి.గ్రా. గమ్ మందుల షాపులో చీటీ లేకుండా దొరుకుతుంది. మామూలు బబుల్‌గమ్‌లా ఆపకుండా నమిలితే కడుపులో వికారం వస్తుంది. నెమ్మదిగా నమిలి, నాలుక మీద చురుక్కుమనగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోండి, చురుకు తగ్గాక మళ్లీ నమలండి, అలా అరగంట. దానికి పావుగంట ముందు నుంచి టీ, కాఫీ వద్దు. గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగే వాడాలి. ఆయాసానికి థియోఫిలిన్ ఉన్న మాత్రలు, షుగర్‌కు ఇన్సులిన్ వాడేవాళ్లు మానే ముందే డాక్టర్‌కు చెప్పండి, మోతాదు మార్చాల్సి రావచ్చు.

1800-11-2356 అనే నంబర్ మీ ప్యాకెట్ మీదే ఉంటుంది, ఇన్నాళ్లూ చూసి ఉండరు. టోల్‌ఫ్రీ, డబ్బులు పడవు. కౌన్సెలర్లు మాట్లాడతారు, తర్వాత వాళ్లే మళ్లీ ఫోన్ చేసి ఎలా ఉన్నారో కనుక్కుంటారు. తెలుగులోనే మాట్లాడతామని అడగండి. పెద్దాసుపత్రికి దగ్గర్లో ఉంటే అక్కడి మానసిక వైద్య విభాగం ఓపీలో అడిగినా సాయం చేస్తారు.

"ఏదైనా వస్తే ఆరోగ్యశ్రీ ఉంది కదా" అనేవాళ్లకు ఒక మాట. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్న ఆ పథకంలో ఆపరేషన్ ఖర్చు వాళ్లే కడతారు, నిజమే. కానీ గుండెకో ఊపిరితిత్తులకో వస్తే తిరుపతికో బెంగళూరుకో తిరగాలి, తోడు వచ్చినవాళ్లకు గది, తిండి, ఇద్దరి కూలీ పోవడం, ఇంటికొచ్చాక నెలనెలా ఇన్‌హేలర్లు, ఇవన్నీ ఏ కార్డూ పూర్తిగా కట్టదు. తాడిపత్రి, బేతంచెర్ల వైపు బండల పాలిష్ యూనిట్లలో పనిచేసేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, రాతి దుమ్ము ఎలాగూ లోపలికి పోతోంది, దాని మీద బీడీ పొగ కూడా చేరితే ఆయాసం తొందరగా వస్తుంది. మానితే ఒంట్లో మార్పు వెంటనే మొదలవుతుంది. ఒకటి రెండు రోజుల్లో రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ మామూలు స్థాయికి వస్తుంది, ఏడాదికి గుండె జబ్బు ముప్పులో పొగ వల్ల పెరిగిన భాగం సగానికి తగ్గుతుంది. మొదటి వారాల్లో దగ్గు పెరిగితే భయపడొద్దు, ఊపిరి గొట్టాలు శుభ్రపడుతున్నాయి. రక్తం పడినా, దగ్గు రెండు వారాలు దాటి తగ్గకపోయినా టీబీ పరీక్ష చేయించుకోండి, ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే.

మధ్యలో ఒకటి తాగేశారనుకోండి, ఆ ఒక్కటితో ఆపండి. "ఎలాగూ పోయింది" అని ప్యాకెట్ కొనొద్దు. ఎక్కడ, ఎవరితో ఉన్నప్పుడు తాగారో కాగితం మీద రాసి, ఆ చోటుకు కొన్నాళ్లు వెళ్లొద్దు. ఇంట్లో వాళ్లు కూడా ఆ రోజు కోపం చేసుకోకుండా, ఆర్డీ పుస్తకం గానీ బాకీ జమల కాగితం గానీ ముందు పెట్టి "ఇంత కట్టాం కదా" అంటే చాలు.

ఏడాది పూర్తయ్యాక ఒక పని మర్చిపోవద్దు. టర్మ్ ఇన్సూరెన్స్, అంటే మనిషి పోతే ఇంట్లోవాళ్లకు డబ్బు వచ్చే బీమా, తీసుకునేటప్పుడు పొగతాగేవాళ్లకు ప్రీమియం ఎక్కువ వేస్తారు. సాధారణంగా 12 నెలలు పొగాకు అసలు ముట్టనివాళ్లను తాగనివాళ్లుగా లెక్కేస్తారు, పరీక్ష చేసి చూస్తారు. తాగుతూ తాగనని రాస్తే రేపు క్లెయిమ్ దగ్గర ఇంట్లోవాళ్లు ఇబ్బంది పడతారు. కాబట్టి నిజంగా ఏడాది గడిచాకే కొత్తగా కొటేషన్ అడగండి, పాత రేటుకూ కొత్త రేటుకూ తేడా ఎంతో రాసుకుని, ఆ మొత్తాన్ని కూడా దాచేయండి.